కీళ్ళ జబ్బుకీ కంటికీ ఏమిటి సంబంధం?

పొద్దున్నే లేచి అద్దంలో చూసుకుంటే ఒక కన్ను ఎర్రగా ఉంది. వెలుతురు చూడలేకపోతున్నారు. కన్ను లోపల్నించి సలుపుతోంది. మీరేం చేస్తారు? "కళ్ళకలక వచ్చింది, నా దగ్గరికి రాకండి" అని పిల్లల్ని దూరంగా ఉండమంటారు. అమ్మగారు నందివర్ధనం పువ్వులు తెచ్చి కంటిమీద పెడతారు. మర్నాటికీ తగ్గకపోతే వీధి చివర మందుల షాపులో అడిగి చుక్కల మందు తెచ్చుకుంటారు. అది వేసుకున్న రెండు మూడు రోజుల్లో ఎరుపు విరుగుతుంది. "మంచి మందే ఇచ్చాడు" అనుకుని, మిగిలిన సీసాని అలమారలో దాచుకుంటారు, మళ్ళీ వస్తే పనికొస్తుందని.

ఆర్నెల్లకి మళ్ళీ వస్తుంది. ఈసారి రెండో కన్ను. దాచిన సీసా ఉండనే ఉంది. ఇలా మూడు నాలుగుసార్లు అయ్యాక ఒకనాడు గోడమీద కాలెండరులో అంకెలు మసక మసకగా కనిపిస్తాయి. అప్పుడు వెళతారు కంటి డాక్టరు దగ్గరికి. ఆయన మీ కన్ను శ్రద్ధగా పరీక్షించి, కంటి సంగతి వదిలేసి, "పొద్దున లేవగానే నడుం పట్టేస్తూంటుందా?" అని అడుగుతారు. మీకు ఆశ్చర్యం వేస్తుంది. నడుంనొప్పి మూడేళ్ళుగా ఉన్నమాట నిజమే. కాని కంటికీ నడుముకీ ఏమిటి సంబంధం?

సంబంధం ఉంది. అది తెలియకనే కొందరు చూపు పోగొట్టుకుంటున్నారు. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

కాపలావాడే ఇంటిమీద పడితే

బయటినించి వచ్చే సూక్ష్మజీవుల్ని ఎదుర్కోవడానికి మన ఒంట్లో ఒక రక్షణ వ్యవస్థ ఉంది. రక్తంలోని తెల్లకణాలు, అవి తయారుచేసే యాంటీబాడీలు ఇందులో సైనికులు. ఏది మనది, ఏది పరాయిది అని గుర్తుపట్టడం వీటి మొదటి విద్య. ఒక్కొక్కప్పుడు ఈ గుర్తు తప్పుతుంది. మన కీళ్ళనో, మన చర్మాన్నో, మన కంటినో పరాయిదనుకుని అవి దాడి మొదలుపెడతాయి. దొంగల్ని పట్టాల్సిన కాపలావాడు ఇంటివాళ్ళమీదే కర్ర ఎత్తినట్టన్నమాట. ఇలాంటి జబ్బుల్నే 'ఆటో ఇమ్యూన్' జబ్బులంటారు. దాడి జరిగినచోట వాపు, ఎరుపు, వేడి, నొప్పి పుడతాయి. కీలులో అయితే కీలు వాస్తుంది. కంట్లో అయితే కన్ను ఎర్రబడుతుంది.

మరి ఇంత శరీరం ఉండగా కంటిమీదే ఎందుకు పడాలి? కంటి తెల్లగుడ్డుకి లోపలివైపు, రక్తనాళాలతో నిండిన ఒక పొర ఉంది. దాని పేరు యువియా. లాటిన్ భాషలో ద్రాక్షపండుకి ఉన్న పేరునించి వచ్చింది ఈ మాట. మన నల్లగుడ్డులో కనిపించే ఐరిస్ కూడా ఈ పొరలో ముందు భాగమే. రక్తం ఎక్కువగా పారే చోటు కనక ఒంట్లో తిరిగే సైనికులు ఇక్కడికి సులువుగా చేరగలరు. ఈ పొరకి వచ్చే వాపునే 'యువైటిస్' అంటారు.

ఈ పొరపాటు ఎంత దూరం పోగలదో తెలియాలంటే అంధుల లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిలీని తలుచుకోవాలి. 1809లో ఫ్రాన్సులో పుట్టిన బ్రెయిలీ, మూడేళ్ళ వయసులో తండ్రి తోలు పనిచేసే గదిలో ఆడుకుంటూంటే సూది లాంటి పనిముట్టు ఒక కంట్లో గుచ్చుకుంది. కొంతకాలానికి దెబ్బ తగలని రెండో కన్ను కూడా పోయింది. గాయపడిన కన్నుమీద మొదలైన దాడి రెండో కంటికి పాకడంవల్లే ఇలా జరిగిందని నేటి వైద్యులు చాలామంది అనుకుంటారు. ఒంట్లో ఒకచోట మొదలైన తగాదా అక్కడితో ఆగాలని లేదు సుమా!

నడుం పట్టేసే యువకులకి

ఇప్పుడు మొదట చెప్పిన నడుంనొప్పి సంగతి చూద్దాం. దీని పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఎక్కువగా ఇరవై, ముప్ఫై ఏళ్ళ ప్రాయంలో మొదలవుతుంది. బరువు ఎత్తితే వచ్చే నడుంనొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది అలా కాదు. పడుకుంటే పెరుగుతుంది, నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది. తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. లేచాక అరగంటదాకా నడుం కొయ్యలా ఉంటుంది.

ఈ జబ్బు ఉన్నవాళ్ళలో సుమారు నలుగురికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు యువైటిస్ బారిన పడతారు. 1973లో పరిశోధకులు ఒక సంగతి కనిపెట్టారు. ఈ నడుం జబ్బు ఉన్నవాళ్ళలో చాలామంది రక్తకణాలమీద 'హెచ్.ఎల్.ఏ. బి-27' అనే గుర్తు ఉంది. హఠాత్తుగా కన్ను ఎర్రబడే యువైటిస్ రోగుల్లోనూ ఎంతోమందికి అదే గుర్తు కనిపించింది. రెండు జబ్బులకీ వేరు ఒకటేనన్నమాట. అందుకే కంటి డాక్టరు మీ నడుం గురించి అడిగారు. ఈ గుర్తు ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. కనక రక్తపరీక్షలో అది కనిపించినంత మాత్రాన బెంగపెట్టుకోనక్కర్లేదు.

సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నవాళ్ళకీ, రక్తంతో కూడిన విరేచనాలు ఏళ్ళతరబడి బాధించే పేగుల జబ్బు ఉన్నవాళ్ళకీ కూడా ఇలాగే కన్ను ఎర్రబడవచ్చు. పదే పదే నోటిపూత, మర్మాంగాల దగ్గర పుళ్ళు వచ్చేవారిలో కంటి లోపల రక్తనాళాలు వాచే జబ్బు ఒకటి ఉంది. 1937లో దాన్ని వివరించిన టర్కీ వైద్యుడు బెహ్‌చెట్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఇంకొక జబ్బులో తలనొప్పి, చెవుల్లో హోరు, రెండు కళ్ళకీ మసక ఒక్కసారిగా వస్తాయి. తరవాత ఒంటిమీద తెల్లమచ్చలు, కనురెప్పల వెంట్రుకలు నెరవడం కనిపిస్తాయి. వోట్, కొయనాగి, హరాడా అనే ముగ్గురు వైద్యుల పేర్లు కలిపి దీన్ని పిలుస్తారు. చామనచాయ, నలుపు శరీరాలవారిలో ఇది ఎక్కువ కనక మనవాళ్ళు తెలుసుకోవాలి. తొలి దశలోనే గట్టిగా వైద్యం చేస్తే చాలామందికి చూపు తిరిగి వస్తుంది.

కళ్ళకలకా? కాదా?

ఈ తేడా మీరే కొంతవరకు పోల్చుకోవచ్చు. కళ్ళకలకలో పుసి కట్టి పొద్దున్నే రెప్పలు అంటుకుపోతాయి. దురద, నీరు కారడం ఉంటాయి. ఒక కంటికి మొదలై రెండో కంటికి త్వరగా అంటుకుంటుంది. ఇంట్లో మరొకరికి కూడా వస్తుంది. పుసి తుడుచుకుంటే చూపు మామూలుగానే ఉంటుంది.

యువైటిస్‌లో పుసి ఉండదు. సాధారణంగా ఒక కంటికే వస్తుంది. ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంలా ఎక్కువగా కనిపిస్తుంది. నొప్పి పైపైన కాదు, లోపలినించి సలుపు. వెలుతురు పడితే భరించలేరు. చూపు మసకబారుతుంది. ఇంట్లో ఎవరికీ అంటుకోదు. ఈ లక్షణాల్లో నొప్పి, వెలుతురు పడకపోవడం, మసక అనే మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా నందివర్ధనాల కోసం ఎదురు చూడకండి. ఆ రోజే కంటి డాక్టరుకి చూపించుకోండి.

ఎందుకంత తొందర? వాచిన ఐరిస్ జిగురుగా మారి దాని వెనకనున్న కటకానికి అతుక్కుపోతుంది. అలా అతుక్కుంటే కంటిలోని నీటికి దారి మూసుకుపోయి, ఒత్తిడి పెరిగి, నీటికాసుల జబ్బుకి దారితీయవచ్చు. అందుకే డాక్టరు కంటిపాపని పెద్దది చేసే చుక్కలు కూడా వేయమంటారు. ఆ చుక్కలు వేసుకున్నన్నాళ్ళూ అక్షరాలు ఆనవు. "మందు పడలేదు, చూపు ఇంకా తగ్గింది" అని మానేస్తారు కొందరు. మానకండి. ఆ మసక మందువల్ల వచ్చిందే, మందుతోనే పోతుంది.

కన్నీళ్ళు కరువైతే

చేతివేళ్ళ కణుపులు, మణికట్లు వాచి, పొద్దున్నే పిడికిలి బిగించలేని కీళ్ళవాతం ఉంది. దీన్ని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అంటారు. ఇది ఆడవాళ్ళలో ఎక్కువ. ఈ జబ్బులో కంటికి తరచు వచ్చే బాధ తడి ఆరిపోవడం. కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. సాయంత్రానికి మంట ఎక్కువవుతుంది. కొందరికి ఏడిచినా కన్నీరు రాదు. నోట్లోనూ తడి ఉండదు, మంచినీళ్ళు లేనిదే అన్నం ముద్ద దిగదు.

స్వీడన్ దేశపు కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో ఇలాంటి పందొమ్మిదిమంది స్త్రీల గురించి రాశాడు. వాళ్ళలో పదముగ్గురికి కీళ్ళవాతం ఉంది. కళ్ళు ఆరడం, నోరు ఆరడం, కీళ్ళు వాయడం ఒకే జబ్బుకి సంబంధించినవి కావచ్చునని ఆయన పట్టుకున్నాడు. ఇప్పుడు ఆ జబ్బుకి ఆయన పేరే ఉంది. కన్నీరు సరిపోతోందో లేదో చూడడం చాలా తేలిక. సన్నటి కాగితపు ముక్కని కింది రెప్పలో అయిదు నిమిషాలు ఉంచి, ఎంతమేర తడిసిందో కొలుస్తారు. అయిదు మిల్లీమీటర్లు కూడా తడవకపోతే లోటు ఉన్నట్టే.

దీనికి కన్నీటికి బదులుగా వేసే చుక్కలున్నాయి. ఎక్కువసార్లు వేసుకోవలసినవారు నిలవ ఉంచే రసాయనం కలపని రకం కావాలని డాక్టరుని అడగండి. ఫ్యాను గాలి తిన్నగా ముఖానికి తగలకుండా చూసుకోండి. కట్టెల పొయ్యి పొగకి దూరంగా ఉండండి. అదేపనిగా టీవీ, ఫోను చూసేవాళ్ళు రెప్ప వేయడం మరిచిపోతారు. మధ్య మధ్య కళ్ళు మూసుకోండి.

కీళ్ళవాతం ఉన్నవాళ్ళు భయపడవలసిన బాధ మరొకటి ఉంది. తెల్లగుడ్డే వాచి, కెంపురంగుకో ఊదారంగుకో తిరుగుతుంది. కణతలదాకా పాకే పోటు అర్ధరాత్రి నిద్ర లేపుతుంది. దీని పేరు స్క్లీరైటిస్. ఇది కంటికే కాదు, ఒంట్లో జబ్బు ముదిరిందనడానికి కూడా గుర్తు కావచ్చు. దీన్ని ఒక్క రోజు కూడా నాన్చకూడదు.

కన్ను తెల్లగానే ఉంది కదా అనుకోకండి

ఇది తల్లిదండ్రులు ముఖ్యంగా చదవాలి. మూడేళ్ళ పాప పొద్దున్నే లేచి కుంటుతూ నడుస్తుంది. మోకాలు కాస్త వాచి ఉంటుంది. "ఆటల్లో పడి ఉంటుంది" అనుకుంటారు. పాప పెద్దగా ఏడవదు కూడా. మధ్యాహ్నానికి మామూలుగా పరిగెడుతుంది. వాపు ఆరువారాలు దాటినా పోకపోతే అది దెబ్బ కాకపోవచ్చు. పిల్లలకి వచ్చే కీళ్ళవాతం కావచ్చు. కీళ్ళవాతం ముసలివాళ్ళ జబ్బనుకోవడం పొరపాటు.

ఈ పిల్లల్లో కొందరికి, ముఖ్యంగా ఒకటి రెండు కీళ్ళే వాచిన చిన్న ఆడపిల్లలకి, యువైటిస్ వస్తుంది. ఇక్కడే ఉంది మోసం. పెద్దవాళ్ళకి వచ్చినట్టు కన్ను ఎర్రబడదు. నొప్పి ఉండదు. కన్ను మల్లెపువ్వులా తెల్లగానే ఉంటుంది. లోపల మాత్రం జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. పాప బళ్ళో బోర్డు కనపడటం లేదని చెప్పేసరికి శుక్లం, నీటికాసులు వచ్చేసి ఉండవచ్చు.

దీన్ని పట్టుకునే సాధనం ఒకటే, స్లిట్ లాంప్. సన్నటి వెలుగు చారని కంట్లోకి పంపి, సూక్ష్మదర్శినితో చూసే యంత్రం ఇది. 1911లో స్వీడన్ వైద్యుడు గుల్‌స్ట్రాండ్ దీన్ని ప్రపంచానికి చూపించాడు. ఆ ఏడే ఆయనకి వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఎండలో గది కిటికీలోంచి పడే వెలుగు చారలో ధూళి రేణువులు తేలడం మీరు చూసే ఉంటారు. అలాగే కంటిలోని నీటిలో తెల్లకణాలు తేలడం డాక్టరుకి కనిపిస్తుంది. పాపకి కీళ్ళవాతం అని తేలిన రోజునే కళ్ళు పరీక్ష చేయించండి. ప్రమాదం ఎక్కువున్న పిల్లలకి తరవాత ప్రతి మూడునెలలకీ తప్పదు. కీళ్ళు నెమ్మదించాక కూడా డాక్టరు చాలనేదాకా మానకూడదు. పరీక్షకి సూదిపోటు ఉండదు, బాధ ఉండదు. గడ్డం ఆనించి కూర్చుంటే చాలు.

తల దువ్వుకుంటే నొప్పి

ఇంట్లో పెద్దవాళ్ళ విషయం ఒకటి. యాభై దాటాక, ముఖ్యంగా డెబ్బై ప్రాయంలో, కణతల దగ్గరి రక్తనాళాలు వాచే జబ్బు ఒకటి వస్తుంది. మనదేశంలో తక్కువేకాని లేకపోలేదు. కొత్తగా తలనొప్పి, దువ్వెన తగిలితే మాడు నొప్పి, అన్నం నములుతూంటే దవడలు లాగడం, ఉన్నట్టుండి కాసేపు చూపు ఆరిపోయి మళ్ళీ రావడం దీని గుర్తులు. "వయసు వచ్చింది, పళ్ళ బాధ" అని ఊరుకుంటే ఒక కన్ను పోవచ్చు. ఆ వెంటనే రెండోది కూడా పోవచ్చు. అనుమానం వస్తే డాక్టర్లు పరీక్షల ఫలితాలకోసం ఆగకుండా ఆ రోజే మందు మొదలుపెడతారు. పోయిన చూపు రావడం కష్టం, ఉన్న చూపు నిలబెట్టవచ్చు.

మందే ప్రాణం, మందే ప్రమాదం

మందుల షాపులో ఇచ్చిన చుక్కలతో ఎరుపు విరిగిందన్నాం కదా? వాటిలో తరచు ఉండేది స్టీరాయిడ్. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్ళవాతం రోగికి మొదటిసారి కార్టిజోన్ ఇచ్చినప్పుడు, మంచంపట్టిన మనిషి లేచి నడిచింది. యువైటిస్‌కి ఈనాటికీ మొదటి మందు స్టీరాయిడే. డాక్టరు చూస్తూండగా, తగిన మోతాదులో, మెల్లమెల్లగా తగ్గిస్తూ వాడితే చూపు కాపాడుతుంది. ఎవరూ చూడకుండా నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెంచి నీటికాసులు, శుక్లాలు తెస్తుంది. పొలంలో వరి ఆకు గీసుకుని, ఊక పడి నల్లగుడ్డు మీద పుండు పడినవాళ్ళు ఇదే చుక్క వేసుకుంటే, బూజుజాతి క్రిములు విజృంభించి కన్నే పోవచ్చు. అందువల్ల ఒకరి చుక్కల మందు ఇంకొకరు, పాత చుక్కల మందు మళ్ళీ మీరు వాడవద్దు.

జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తుంటే మెథోట్రెక్సేట్ లాంటి మాత్రలు ఇస్తారు. ఈ జబ్బుల్లో ఈ మాత్ర వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. రోజూ వేసుకుని ప్రాణంమీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఏ వారమో కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసుకుని మందుల డబ్బాకి అంటించండి. గర్భిణులు దీన్ని వాడకూడదు. పిల్లలు కావాలనుకునేవారు ముందే డాక్టరుకి చెప్పాలి. మాత్రలకి లొంగని యువైటిస్‌కి ఇప్పుడు అడలిముమాబ్ వంటి ఇంజక్షన్లు వచ్చాయి. 2016లో అమెరికాలో దాన్ని ఈ జబ్బుకి అనుమతించారు. అయితే ఇలాంటి మందులకి ముందు క్షయ ఉందేమో చూడడం తప్పనిసరి. మనదేశంలో క్షయవల్లే యువైటిస్ వచ్చిన సందర్భాలూ ఉన్నాయి కనక, డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీయించమంటే "కంటికి ఛాతీ ఎక్స్‌రే ఏమిటి?" అని విసుక్కోకండి.

కీళ్ళవాతానికీ, లూపస్ అనే జబ్బుకీ ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మంచి మందే. కాని ఏళ్ళతరబడి వాడితే కొద్దిమందికి కంటి వెనకనున్న రెటీనా దెబ్బతింటుంది. మోతాదు మీ బరువునిబట్టి, రోజుకి కిలోకి 5 మిల్లీగ్రాములు మించకుండా ఉండాలి. మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి, అయిదేళ్ళు దాటాక ఏటేటా కంటి పరీక్ష చేయించుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకి ఇంకా ముందే మొదలుపెట్టాలి. భయపడి మందు మీరే మానేయడం మాత్రం తప్పు.

పథ్యం మాటేమిటి?

"వంకాయ, గోంగూర మానేస్తే సరిపోతుందా?" అని అడిగేవాళ్ళుంటారు. ఈ జబ్బులు ఒక కూరవల్ల వచ్చేవీ కావు, ఒక కూర మానితే పోయేవీ కావు. మీకు ఏది పడదో అది మానండి, అభ్యంతరం లేదు. కాని పథ్యాన్ని నమ్ముకుని మందు మానకండి. నిజంగా మానవలసినవి చుట్ట, బీడీ, సిగరెట్టు. పొగాకు కీళ్ళవాతాన్నీ, కంటి వాపునీ కూడా ఎక్కువ చేస్తుంది.

ఇంట్లో మీరు చేసుకోగల పరీక్ష ఒకటుంది. వారానికొకసారి ఒక కన్ను మూసి రెండో కంటితో గోడమీది కాలెండరు చదవండి. తరవాత కళ్ళు మార్చండి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డ కంటి లోటుని కప్పేస్తుంది. ఒకదానికొకటి తేడా కనిపిస్తే ఆలస్యం చేయకండి. జిల్లా ఆస్పత్రిలో కంటి విభాగం ఉంటుంది. పెద్ద పరీక్షలు కావాలంటే హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆస్పత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి వంటివి ఉన్నాయి.

చివరిగా ఒక్క మాట. కీళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కళ్ళ సంగతి చెప్పండి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కీళ్ళు, నడుం, చర్మం, కడుపు సంగతి, వాడుతున్న మందుల సంగతి చెప్పండి. వాళ్ళు అడగకపోయినా చెప్పండి. మందుల చీటీలన్నీ ఒకే సంచిలో వేసి ఇద్దరికీ చూపించండి. ఎర్రబడిన ప్రతి కన్నూ కళ్ళకలక కాదు. తెల్లగా ఉన్న ప్రతి కన్నూ క్షేమమూ కాదు. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకుని, అలమారలో దాచిన ఆ పాత సీసాని ఇవాళే పారేయండి.